మా అవ్వ కుంకుమ పని మానుకోలేదు

ఒక అబద్ధం అచ్చులోకి ఎక్కినది కాబట్టి ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చినది. నోటిమాటగా తిరిగే అబద్ధం ఒక తరంతో పోతుంది. అచ్చయిన అబద్ధం బీరువాలో భద్రంగా కూర్చొని, తరువాత పుట్టినవాళ్లకు చరిత్ర అవుతుంది. నేను ముప్పయి నాలుగేండ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి; తప్పును తప్పని తెలిసీ దిద్దకుండా వదలడం నాకు చేతకాని పని.

పోయిన కార్తీకంలో మా వంశంవాళ్లమందరం తిరుపతిలో ఒక కల్యాణమండపంలో కలిశాము. గుమ్మం దగ్గర ఒక చిన్నపిల్ల వెండి పళ్లెంలో కుంకుమ పట్టుకొని వచ్చేవాళ్లందరికీ అందిస్తున్నది. చిటికెడు తీసుకొని, నుదుట పెట్టుకొనే ముందు పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి తెచ్చుకొన్నాను. సంపెంగ అత్తరు వాసన కొట్టినది. ఆ వాసన కింద మరేమీ లేదు. పసుపు లేదు, నిమ్మపులుపు లేదు, రోటిరాతి చల్లదనం లేదు. రంగు మాత్రం ఇనుప గేటుకు పూసే రంగులాగా మొండిగా ఉన్నది. ఆ చిటికెడును ఏం చేయాలో తెలియక వ్రేళ్ల మధ్య పట్టుకొనే లోపలికి పోయి కూర్చొన్నాను. అప్పుడు చేతిలో పెట్టారు ఒక చిన్న పుస్తకం: మా వంశ చరిత్ర. అందులో మా అవ్వ చెంగమ్మ గురించి వ్రాసిన పుటలో ఈ వాక్యం ఉన్నది: "మనవళ్ల ఆలనాపాలనా చూసుకోవడం కోసం, ముప్పయి ఏండ్లుగా నడిపిన తన కుంకుమ వ్యాపారాన్ని సంతోషంగా విడిచిపెట్టిన త్యాగమూర్తి."

సంతోషంగా! ఆ మాట దగ్గర నా కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివాను. ఆ పుటను వ్రాసినవాడు మా పెద్దనాయన కొడుకు భాస్కర్. వాణ్ణి పక్కకు పిలిచి, ఇది ఎవరు చెప్పారని అడిగాను.

"మా యమ్మ సెప్పిందన్నా. మా నాయన కూడా అట్లనే సెప్పేవాడు. నేను రెండేండ్ల పిల్లోన్ని, నాకేం తెలుసు? తప్పుండాదంటే నువ్వే రాయి, ఈసారి అదే అచ్చు యేయిస్తాం," అన్నాడు.

వానిమీద నాకు కోపం లేదు. ఆ సంగతిలో వాని పాత్ర ఏమిటో తెలిసి ఉంటే వాడు ఆ వాక్యం వ్రాసి ఉండడు. నా కోపం వాళ్ల నాయనమీద, మా నాయనమీద. అంతకంటే ఎక్కువగా, ఆనాడు తొమ్మిదేండ్లవాడినైన నామీద.

అరవయ్యవ దశకం నడిమిలో తిరుచానూరులో అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల మా అవ్వ ఇల్లు. ముందు సన్నని పంచ, లోపల పొడవాటి నడవ, దాని చివర వంటిల్లు, వెనుక పెరడు. ఇప్పుడు ఆ వీధి పొడవునా ఉన్న లాడ్జీలు అప్పుడు లేవు. ఉదయాన కనకాంబరాల, మరువం గంపలు నెత్తిన పెట్టుకొని పోయే ఆడవాళ్లు, గుడి నుంచి కర్పూరపు పొగ, కోనేట మునిగి తడిబట్టల చప్పుడు చేసుకొంటూ పోయే యాత్రికులు, ఇంతే. ఆ వీధిలోకి అడుగుపెట్టినవాడికి మా ఇల్లు ఏదని అడగవలసిన పని ఉండేది కాదు. పసుపు వాసన దారి చూపించేది. ఆ వాసన గోడ సున్నంలో, తలుపు చెక్కలో, మా పుస్తకాల అట్టల్లో, చివరికి మేము తాగే మజ్జిగలో కూడా ఉండేది. నాతో చదివే పిల్లలు నన్ను "పసుపుకొమ్ము" అని పిలిచేవాళ్లు; నేను దాన్ని బిరుదుగానే భావించాను.

కుంకుమ ఎట్లా పుడుతుందో ఇప్పటివాళ్లకు తెలియదు గనుక చెబుతున్నాను. ఈరోడు నుంచి వచ్చే గట్టి పసుపు కొమ్ములను ఎంచి, పగులగొట్టి, బఠాణీ గింజలంత ముక్కలు చేసేవాళ్లు. గూడూరు వైపు నుంచి వచ్చే నిమ్మకాయలను పిండి, ఆ రసంలో వెలిగారం, పటిక కరిగించి, వెడల్పాటి ఇత్తడి గంగాళంలో పసుపు ముక్కలను నానవేసేవాళ్లు. ఇనుము తగలకూడదు, తగిలితే రంగు నల్లబారుతుంది. పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి కర్ర తెడ్డుతో అడుగునుంచి తిప్పాలి. మొదటినాడు గంగాళంలో పసుపు పసుపుగానే ఉంటుంది. మూడోనాటికి ఇటుక రంగు. వారం తిరిగేసరికి, కోసిన దానిమ్మలాగా లోపలినుంచి ఎరుపు పొంగుతుంది. అప్పుడు తీసి నడవలో నీడపట్టున తెల్లపంచెలమీద ఆరబోసేవాళ్లు. ఎండ తగిలితే ఎరుపు వెలిసిపోతుంది. ఆరినదాన్ని రోట్లో దంచి, పలుచని బట్టలో జల్లించి, చివర రెండు చుక్కల నువ్వులనూనె వేసి అరచేతులతో రుద్దితే అది కుంకుమ. గుడి ముందర పూలూ కుంకుమా అమ్మే మునెమ్మ వచ్చి, గోటిమీద రుద్ది చూసుకొని, డబ్బాల్లో పోసుకొని పోయేది.

మా తాత బతికి ఉన్నంతకాలం ఈ పని అవ్వదే. తలంటుకొని, నుదుట రూపాయంత బొట్టుతో, తడి జుట్టు ముడి వేసుకొని గంగాళం ముందు కూర్చొంటే తాతతో సహా ఎవరూ ఆమెతో మాట్లాడేవాళ్లు కాదు. ఆమె ఆ పనిని వ్యాపారం అని ఎప్పుడూ అనలేదు. "అమ్మోరి పని" అనేది. నాకు ఏడో ఏట, ఆషాఢమాసంలో, తాత పోయాడు. కర్మాంతరం ముగిసిన సాయంకాలమే, ఇంట్లో సాంబ్రాణి వాసన ఇంకా పోకముందే, పెద్దనాయనా నాయనా పంచలో కూర్చొని అవ్వను పిలిచి రెండు తీర్మానాలు చేశారు. ఒకటి: బొట్టు తీసిన చేతులతో పదిమంది నుదుట పెట్టుకొనే కుంకుమ చేయడం కుదరదు. రెండు: ఆమెకు ఇక పనేమీ ఉండదు కాబట్టి పిల్లలను చూసుకోవాలి.

మా నాయన, అమ్మ ఇద్దరూ పూతలపట్టు అవతల చెరొక పల్లెలో ఉపాధ్యాయులు. నన్నూ, ఆరేండ్ల మా చెల్లెలు సరళనూ తిరుచానూరులో దించి వెళ్లారు. తిరుపతిలో బట్టల అంగడి పెట్టుకొన్న పెద్దనాయన, ఆ సంవత్సరమే పుట్టిన భాస్కర్‌ను, అప్పుడు వానిపేరు బుజ్జి, నడక రాకముందునుంచే పొద్దున మొదటి బస్సులో పెద్దమ్మ చేత పంపించేవాడు. చీకటి పడేవేళకు ఆమె వచ్చి తీసుకొని పోయేది. భర్త పోయి పదమూడు రోజులైన మనిషికి ముగ్గురు పిల్లలను అప్పగించి, దాన్ని ఆమెకు ఊరట అన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగకుండా నేను ముందుకు పోలేను. కుంకుమకు పనికిరాని ఆ చేతులు వాళ్ల పిల్లల ముడ్డి కడగడానికి ఎట్లా పనికివచ్చాయి? ఆ చేతులు కలిపిన సంగటి ముద్ద ఎట్లా పనికివచ్చినది? మా అమ్మకు బాలింత స్నానం చేయించినదీ, బుజ్జికి నూనె రాసి కాళ్లు సాగదీసినదీ ఆ చేతులే. మైల అనేది ఒక వ్రేలి చివరనుంచి ఇంకొక వ్రేలి చివరకు, వాళ్ల అవసరాన్నిబట్టి జరుగుతూ ఉండేదా? ఈ ప్రశ్న ఆ రోజుల్లో అడగవలసిన పెద్దలందరూ నోట్లో వక్కపొడి వేసుకొని కూర్చొన్నారు.

అయితే నేటి పద్ధతిలో మా అవ్వను సంస్కర్తను చేయవద్దు. ఆమె ఆ కట్టుబాటును ఎదిరించలేదు. ఆమె దాన్ని నమ్మినది. కొడుకుల ముందు చేయి చాపి, "నేను కుంకుమ ముట్టనులేప్పా," అని మాట ఇచ్చినది. ఆ మాటను ప్రాణంలాగా నిలబెట్టుకొన్నది కూడా. కాని ముట్టనని చెప్పినదే గాని, పని ఆపుతానని చెప్పలేదు. నెల తిరగకముందే మునెమ్మను పిలిపించి నిలువునా అడిగినది.

"పిల్లోల్ల సేతులకు మైలుంటాదా మునెమ్మా?"

"పిల్లోల్లు దేవుళ్లు గదత్తా. వాల్లకేం మైల?"

"అట్లయితే వాల్లు సేస్తారు. నేను ఈడ కూసోని సెప్తా. ముట్టను. సమ్మతమైతే తీసుకో, లేదంటే ఇప్పుడే సెప్పు."

మునెమ్మకు సమ్మతమే. ఆ విధంగా, ప్రపంచంలో మరెక్కడా లేని ఒక కార్ఖానా మా నడవలో మొదలైనది. అవ్వ గంగాళానికి రెండు బారల దూరంలో పీటమీద చేతిలో చింతబరిక పట్టుకొని కూర్చొనేది. ఆ బరిక ఎవరిమీదా పడలేదు. అది ఆమెకు చేయి. "ఆ మూలన తిప్పు. అడుక్కు పో. ఆ ముక్క పగల్లేదు సూడు, అదిగో, నీ మోకాలి కాడ." నేను తెడ్డు తిప్పేవాణ్ణి, సరళ కొమ్ములు ఏరేది, బుజ్జి నడుముకు పాతచీర కట్టి దాని రెండో కొస నడవ స్తంభానికి ముడివేసి ఉండేది, ఆ చీర పొడవు ఎంతో వాని రాజ్యం అంత. వాడు చేతికి దొరికిన ఎర్రపొడిని గోడకు పూసేవాడు. మా నడవలో మోకాలి ఎత్తు వరకు బుజ్జి చేతిముద్రలు ఒక అంచులాగా ఉండేవి.

మా దినచర్యలో ఒక్క ఘడియ వ్యర్థం కాలేదు. తెల్లవారి మొదటి బస్సు వచ్చే లోపల తెడ్డు తిప్పడం ముగియాలి. బుజ్జిని దించుకొని, ముగ్గురికీ రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి, మమ్మల్ని బడికి పంపి, వానికి స్నానం, నిద్ర. బడినుంచి రాగానే రోకలి. అవ్వకు అక్షరం రాదు, కాని నా ఎక్కాలన్నీ రోకలి పోటుకే కంఠస్థమయ్యాయి: పోటుకొక మెట్టు, ఎక్కం తప్పితే పోటు లెక్క తప్పేది, రోలు చప్పుడులోనే ఆమెకు తెలిసిపోయేది. బుజ్జికి జోలపాట కూడా ఆ వరుసకే. చలికాలంలో నానబెట్టిన అనపగింజలను మేము వ్రేళ్లతో పితికి పప్పు తీస్తుంటే, కుంకుమ అంటిన గోళ్ల ఎరుపు పప్పుకు అంటుతుందని బూడిదతో మూడుసార్లు చేతులు తోమించేది. ఆ పితికిపప్పు కూరా సంగటీ తిన్న రుచి తరువాత ఏ విందులోనూ నాకు దొరకలేదు. అచ్చనగాయలు ఆడుకోవడానికి, తొక్కుడుబిళ్ల గీయడానికి కూడా వేళలు నిర్ణయించి ఉండేవి. నాకు క్రమశిక్షణ ఉన్నదని ఈనాడు ఎవరైనా అంటే, అది నేను చదివిన శిక్షణ కళాశాలది కాదు, ఆ చింతబరికది.

అవ్వ మాకు ఒకే ఒక నియమం పెట్టినది. "మీ నాయనోల్లు అడక్కుంటే సెప్పద్దండి. అడిగితే అబద్ధం సెప్పద్దండి." రెండేండ్లు ఎవరూ అడగలేదు. నాయన నెలకొక ఆదివారం వచ్చేవాడు. ఆనాటికి గంగాళం వెనుక గదిలో ఉండేది. పెద్దమ్మ ప్రతిదినమూ గుమ్మంలోనే బిడ్డను దించి బస్సుకోసం పరుగెత్తేది. ఇల్లంతా పసుపు వాసన కొడుతుంటే, గోడనిండా ఎర్రని చేతిముద్రలు ఉంటే, వాళ్లకు తెలియలేదంటే నేను నమ్మను. మా పాలూ, పలకలూ ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుకోవడం వాళ్లకు లాభసాటి కాదు. అందుకే అడగలేదు.

నా తొమ్మిదో ఏట కార్తీకమాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలకు మునెమ్మ ఎన్నడూ లేనంత కుంకుమ అడిగినది. పంచమీతీర్థంనాడు కోనేటిలో మునగడానికి వచ్చే జనానికి ఏడాది సరుకు ఒక్కదినంలో పోతుంది. పెద్ద గంగాళం నిండా నానవేశాము. బయట ఆగని జడివాన. నడవలో మసక వెలుతురు. గంగాళంలో ఎరుపు అప్పుడే పొంగుతున్నది. అవ్వ వంటింట్లో బుజ్జికి పాలు కాస్తున్నది. నేను తెడ్డు గోడకు ఆనించి, వానలో పడవ వదలడానికి పంచలోకి పోయాను. అది నా ఆట వేళ కాదు. స్తంభానికి చీర ముడి వేయవలసినదీ నేనే. వేశాను, కాని గట్టిగా వేయలేదు.

సరళ కేక విని తిరిగి చూసేసరికి బుజ్జి గంగాళం అంచుమీదినుంచి తలకిందులుగా లోపల పడి ఉన్నాడు. రెండు కాళ్లు మాత్రమే పైన కొట్టుకొంటున్నాయి. నేను కదలలేదు. నిజం వ్రాస్తున్నాను, నేను కదలలేదు. అవ్వ వంటింటి గుమ్మంనుంచి ఎట్లా వచ్చినదో నాకు తెలియదు. ఆమె రెండు చేతులూ మోచేతులదాకా ఆ ఎరుపులో మునిగి, బిడ్డను చంకలకింద పట్టి పైకి లాగాయి. వాడు ఊపిరి తీసుకోలేదు. అవ్వ వాణ్ణి తలకిందులుగా పట్టి వీపుమీద చరిచినది. నోటినుంచి ఎర్రని నీళ్లు వచ్చాయి, తరువాత ఏడుపు వచ్చినది. కండ్లలో నిమ్మరసం మండి వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, చెంబులకొద్దీ నీళ్లుపోసి కడిగి, చల్లార్చిన పాలతో మళ్లీ కడిగి, ఒడిలో పెట్టుకొని కూర్చొన్నది. అప్పుడు తన చేతులను చూసుకొన్నది.

వానిని నిద్రపుచ్చి ఆమె మొదట చేసిన పని మునెమ్మకు కబురు పంపడం. మునెమ్మ తడిసిన గొంగళితో వచ్చి, అంతా విని, గంగాళంలోకి తొంగిచూసి, గొంతు తగ్గించినది.

"ఎవరు సూసినారత్తా? బిడ్డను తీసినావు, పాపం సేసినావా? రంగు సూడు, ఎంత బాగుండాదో. ఇయ్యి, నేను మోసకపోతా."

"నేను సూసినా గదే! ఎవరు సూసినారంటావేందే? మాటిచ్చి ముట్టినా. ఇది ఒకరి నుదుటికి పోగూడదు."

"పంచమికి మల్లా నానేస్తే అందదత్తా!"

"అందకపోతే మానె."

సాయంకాలం వాన వెలిశాక, పెరట్లో నాచేత గుంట తవ్వించినది. గంగాళం తిరగేసి ఆ సరుకంతా అందులో పోసి పూడ్చాము. గుంట తవ్వినది నేను. మన్ను కప్పినది నేను. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి.

పంచమీతీర్థంనాడు అందరూ వచ్చారు: నాయన, అమ్మ, పెద్దనాయన, పెద్దమ్మ, పెద్దమ్మ వాళ్ల అన్న. కోనేటి స్నానాలు ముగించుకొని మధ్యాహ్నం నడవలో బంతిగా కూర్చొన్నాము. ఓళిగలు, పులిహోర, అనపగింజల పులుసు. నెయ్యి కోసం నేను చేయి చాపినప్పుడు పెద్దమ్మ వాళ్ల అన్న నా అరచేయి పట్టుకొని తిప్పి చూశాడు. గీతలనిండా ఎరుపు.

"ఏమప్పా, మీ యింట్లో కుంకుమ ఇంకా పండతానే ఉండాదే! మీ యమ్మ సల్లని సెయ్యేనా?" అని నవ్వాడు.

నాయన చేయి విస్తరిమీద ఆగిపోయినది. ఇంట్లోనైనా బడిలోనైనా మా నాయన శాసనం ఒకటే: "అడిగిందానికి సెప్పు. తోక తగిలించద్దు." తోక తగిలించిన పిల్లవాడిని బల్లమీద నిలబెట్టేవాడు. ఆయన నావైపు తిరిగి, తరగతిలో అడిగినట్లే అడిగాడు.

"కుంకుమ సేస్తా ఉండారా ఈడ?"

"సేస్తాం నాయనా."

"అవ్వ ముట్టిందా?"

అడిగితే అబద్ధం చెప్పవద్దని అవ్వ. తోక తగిలించవద్దని నాయన. నేను రెండు ఆజ్ఞలనూ తుచ తప్పకుండా పాటించాను.

"ముట్టింది," అన్నాను.

అంతే. ఎందుకు ముట్టినదో చెప్పలేదు. ఎన్నిసార్లు ముట్టినదో చెప్పలేదు. గుంట సంగతి చెప్పలేదు. సరియైన జవాబు చెప్పిన పిల్లవాడిలాగా వీపు నిటారుగా పెట్టి కూర్చొన్నాను కూడా.

"మాటిచ్చి తప్పినావే అమ్మా," అన్నాడు పెద్దనాయన.

అవ్వ చేతిలో మజ్జిగ గిన్నెతో నిలబడి ఉన్నది. బుజ్జి ఆమె కొంగు పట్టుకొని ఉన్నాడు. ఆమె ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించగలదు. కాని ఆ మాట ఏమిటి? బిడ్డ గంగాళంలో పడ్డాడు అనడమే కదా. అప్పుడు వ్యాపారం వెర్రిలో పిల్లలను గాలికి వదిలినది అంటారు, ముడి సరిగా వేయని నన్ను చావగొడతారు, బిడ్డను ఆమె చేతికి ఇక ఇవ్వరు. చెప్పకపోతే మాట తప్పినది అంటారు. ఆ ఇల్లు ఆమెకు ఇచ్చిన స్వాతంత్ర్యం అంతా ఇదే: రెండు నేరాలలో ఏది ఒప్పుకోవాలో ఎంచుకోవడం. ఆమె మా నాయనవైపు చూసి, "అడిగిందానికి సెప్పినాడు. వాన్ని ఏమనాకండి," అన్నది. తరువాత వంగి, బంతిలో అందరికీ, పెద్దమ్మ వాళ్ల అన్నతో సహా, మజ్జిగ పోసినది.

ఇంతవరకు జరిగినది పొరపాటు అనుకోవచ్చు. ఇక చెప్పబోయేది పొరపాటు కాదు. ఆ సాయంకాలమే విషయం తెలిసి మునెమ్మ అంగడి వదిలి వచ్చినది. పంచలో నిలబడి వీధంతా వినేటట్లు మాట్లాడినది.

"మాస్టరయ్యా, బిడ్డ పానం కాపాడింది మీ యమ్మ! ముట్టిందని గంగాళం సరుకంతా గుంటలో పోసింది. నేను ఇయ్యమన్నా ఇయ్యలా. సూడు పో, పెరట్లో మన్ను ఇంకా ఆరలా!"

నాయన పెరట్లోకి పోయి చూశాడు. చెప్పుకాలితో ఆ మన్ను కదిపి, కింద ఎరుపు చూశాడు. పెద్దనాయనా చూశాడు. పెద్దమ్మ బుజ్జిని ఎత్తుకొని వాని కండ్లు విప్పి చూసుకొన్నది. నేను స్తంభం చాటున నిలబడి, ఇప్పుడు నాయన లోపలికి వచ్చి అవ్వ కాళ్లమీద పడతాడని అనుకొన్నాను. ఆయన లోపలికి వచ్చి తువ్వాలు దులుపుకొని అన్నాడు:

"సరేలే. అయిందేదో అయింది. ఇంక ఆ పని ఒద్దులేమ్మా. పిల్లోల్లను సూసుకుంటా ఉండు, సాలు."

నిజం తెలిసిన తరువాత చెప్పిన మాట అది. ఆ మాట చెప్పడానికి వాళ్లకు ఒక కారణం కావాలి. నా ఒక్క మాట ఆ కారణం ఇచ్చినది. కారణం తప్పని తేలినా మాట అట్లాగే నిలిచినది. ఎందుకంటే అది వాళ్లకు అనుకూలంగా ఉన్నది. వారం తిరగకముందే గంగాళాన్ని జట్కాలో వేసి పెద్దనాయన ఇంటికి నీళ్లు పట్టుకోవడానికి తీసుకుపోయారు. రోలు కదలలేదు కాబట్టి దాన్ని బోర్లించి అరుగు చేశారు. అవ్వకు ఖాళీ దొరికినదని చెప్పి, పెద్దమ్మ తన చెల్లెలి బిడ్డను కూడా తెచ్చి వదిలినది. దీనినే ఆ పుస్తకంలో త్యాగం అన్నారు. చేతిలోనిది లాక్కొని, ఇచ్చినందుకు దండ వేయడం మా కుటుంబపు మర్యాద.

అవ్వ తరువాత పదకొండేండ్లు బతికినది. మమ్మల్నందరినీ పెంచినది, ఒక్క పూట కూడా ఎవరికీ లోటు చేయలేదు. నన్ను ఎన్నడూ ఏమీ అనలేదు. పని మాన్పించిన సంవత్సరమే ఒకరోజు ధైర్యం చేసి, "అవ్వా, ఆ పొద్దు నేను అంతా సెప్పుంటే?" అని అడిగాను. ఆమె "పదమూడో ఎక్కం సెప్పు," అన్నది. చెప్పాను. మధ్యలో తప్పినది. ఆమె గుర్తించలేదు. లెక్క చెప్పే రోకలి చప్పుడు ఇంట్లో లేదు కదా.

ఇప్పుడు తిరుచానూరులో ఆ ఇల్లు లేదు; దాని చోట నాలుగంతస్తుల లాడ్జీ ఉన్నది, ఆ పెరడు ఉన్నచోట బస్సులు తిప్పుకొంటారు. గుడిముందర కుంకుమ ఎవరి చేతులదని అడిగే మునెమ్మలు లేరు. సంచుల్లో లారీలమీద వస్తుంది. నీడలో ఆరబోసిన ఎరుపు ఎట్లా ఉంటుందో చెప్పగలవాళ్లు ఆ వీధిలో ఒక్కరైనా ఉన్నారో లేదో నేను రెండుమార్లు పోయి విచారించాను. లేరు. ఇంట్లో కూర్చొని పని చేసుకొంటూ మనవలను పెంచే అవ్వలు మాత్రం ఉన్నారు, ఊరూరా ఉన్నారు. వాళ్ల కొడుకులకు నేను చెప్పేది ఒకటే: ఆ పనిని పొద్దుపోక అనవద్దు. దానిని మాన్పించదలిస్తే మాన్పించామని చెప్పుకొనే ధైర్యం తెచ్చుకోండి.

నా వయస్సు డెబ్బయికి దగ్గర పడుతున్నది. వెలిగారం పాళ్లలో, నానవేసే దినాల లెక్కలో, వీధుల వరుసలో నేను పొరపడి ఉండవచ్చు. తెలిసినవారు దిద్దవలసినదిగా కోరుతున్నాను. నా చెల్లెలు సరళ ఆనాడు బంతిలో నా పక్కనే కూర్చొని ఉన్నది. ఆమెను అడిగాను, జ్ఞాపకం లేదన్నది. ఆ పంచమినాడు మా నడవలో భోజనం చేసినవాళ్లు గాని, వాళ్లనుంచి విన్నవాళ్లు గాని ఈ పుటలు చదివితే, నేను "ముట్టింది" అన్న మాట దగ్గర ఆగిపోలేదనీ, మిగిలినది కూడా చెప్పాననీ వాళ్లకు తెలిసి ఉంటే, ఆ తప్పును తప్పక దిద్దండి.